బాస్కెట్‌బాల్‌ను వృత్తిగా ఎంచుకునే ముందు: అపోహలు, వాస్తవాలు

నల్లగొండలో పిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పే శిక్షకుడిగా, ఈ ఆటలో భవిష్యత్తు గురించి తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలకు ఇక్కడ వివరంగా జవాబు చెప్పాలనుకుంటున్నాను.

అపోహ: ఈ ఆట ఆడితే పిల్లలు పొడవు పెరుగుతారు.

వాస్తవం: ఎత్తును ప్రధానంగా నిర్ణయించేవి వంశపారంపర్యంగా వచ్చే జన్యువులు, ఎదిగే వయసులో అందే పోషకాహారం. పొడవైనవారే ఎక్కువగా ఎంపికవుతారు కాబట్టి, ఆట వల్లే పొడవయ్యారని మనకు అనిపిస్తుంది.

అపోహ: మంచి ఎత్తు ఉంటే అమెరికాలోని ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ దాకా వెళ్లవచ్చు.

వాస్తవం: పంజాబ్‌లోని బల్లోకే గ్రామానికి చెందిన సత్నాం సింగ్ ఎత్తు ఏడడుగుల రెండంగుళాలు. 2015లో ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను వరుసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో డాలస్ మావెరిక్స్ జట్టు ఆయన్ని 52వ ఎంపికగా తీసుకున్నప్పుడు దేశమంతా సంతోషించింది. అయినా ఆ లీగ్ రెగ్యులర్ సీజన్‌లో ఆయనకు ఒక్క మ్యాచ్ ఆడే అవకాశం కూడా రాలేదు. ఐదడుగుల మూడంగుళాల అమెరికా ఆటగాడు మగ్సీ బోగ్స్ మాత్రం అక్కడే 14 సీజన్లు ఆడాడు. జిల్లా సెలెక్షన్లలో నేను ముందుగా చూసేది ఎడమచేతిని. ఎడమవైపు నుంచి దూసుకొచ్చినా కుడిచేత్తోనే లేఅప్ (బుట్ట దగ్గరకు వెళ్లి వేసే షాట్) వేసే పిల్లవాడు బంతిని నేరుగా అడ్డుకునే ఆటగాడి ముందుకే తెస్తాడు. ఎంత పొడవున్నా ఆ లోపం దాగదు.

అపోహ: ప్రొఫెషనల్ ఆటగాడు కావాలంటే చదువు మానేసి ఆటకే అంకితం కావాలి.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ నమ్మకమే. క్రికెట్‌కు ఐపీఎల్ ఉన్నట్టు, ఏటా నిలకడగా జీతాలిచ్చే లీగ్ మన బాస్కెట్‌బాల్‌కు ఇంకా స్థిరపడలేదు. 2015లో మొదలైన యూబీఏ అనే ప్రొఫెషనల్ లీగ్ కొన్ని సీజన్లకే ఆగిపోయింది. మన దేశంలో మేటి ఆటగాళ్లలో చాలామంది రైల్వే, ఓఎన్‌జీసీ, ఇండియన్ ఓవర్సీస్ బ్యాంక్, సైన్యం వంటి సంస్థల ఉద్యోగులుగా ఆ జట్లకు ఆడుతూ జీవనం సాగిస్తున్నారు. 2020 అర్జున అవార్డు అందుకున్న విశేష్ భృగువంశీ కూడా ఓఎన్‌జీసీ ఉద్యోగే. కేంద్ర ప్రభుత్వ స్పోర్ట్స్ కోటా ఉద్యోగాలకు ఆడిన స్థాయిని బట్టి ధ్రువపత్రాలు ఉన్నాయి: దేశానికి ఆడితే ఫారం-1, జాతీయ పోటీల్లో రాష్ట్రానికి ఆడితే ఫారం-2, అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో ఆడితే ఫారం-3, జాతీయ పాఠశాల క్రీడల్లో రాష్ట్ర జట్టుకు ఆడితే ఫారం-4. చివరి రెండూ చదువుకుంటున్నవారికే దక్కుతాయి. ఇంటర్‌తో చదువు ఆపేసిన కుర్రాడికి, మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం జట్టులోనో పాలమూరు విశ్వవిద్యాలయం జట్టులోనో చోటు సంపాదించుకునే దారి అక్కడే మూసుకుపోతుంది. పైగా ఉద్యోగ ప్రకటనలో అడిగిన విద్యార్హత లేకపోతే ధ్రువపత్రం చేతిలో ఉన్నా దరఖాస్తు నిలవదు. దరఖాస్తు సమయంలో ఇబ్బంది రాకుండా, టోర్నమెంట్ ముగిసిన వెంటనే సర్టిఫికెట్‌లో పేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఉన్నాయో లేదో సరిచూసుకోమని ప్రతి ఇంటికీ చెబుతాను.

అపోహ: మోకాలి నొప్పిని ఓర్చుకుని ఆడేవాడే గట్టి ఆటగాడు.

వాస్తవం: సిమెంటు కోర్టు మీద పదేపదే ఎగిరి దూకే పిల్లలకు, ముఖ్యంగా త్వరగా ఎదిగే వయసులో, మోకాలి చిప్ప కింద ఎముక దగ్గర వాపు, నొక్కితే నొప్పి రావడం మామూలే. బ్యాండేజీ చుట్టి ఆడించకుండా, దూకే కసరత్తులు తగ్గించి ఎముకల వైద్యుడికి చూపించాలి. ఆ రోజుల్లో పిల్లవాడు నిలబడి ఫ్రీ త్రోలు (గీత దగ్గర నుంచి ఎవరూ అడ్డుకోకుండా వేసే షాట్లు) వేయవచ్చు, కూర్చుని ఎడమచేత్తో డ్రిబ్లింగ్ (బంతిని నేలకు కొడుతూ ఆడటం) సాధన చేయవచ్చు.