అబార్షన్‌కు భర్త సంతకం కావాలా? అపోహలు – వాస్తవాలు

"మీ ఆయన సంతకం తెచ్చుకో, అప్పుడు చూద్దాం." నెల తప్పి భయంభయంగా వచ్చిన ఆడమనిషికి ఈ మాట చెప్పి తిప్పి పంపే ఆసుపత్రులు ఇంకా ఉన్నాయి. చట్టంలో ఆ నిబంధన ఎక్కడా లేదు. 1971 నాటి ఎం.టి.పి. చట్టం (డాక్టర్ల చేత గర్భం తీయించుకోవడానికి వీలిచ్చే చట్టం) ప్రకారం 18 ఏళ్లు నిండిన స్త్రీ ఫారం-సి అనే ఒప్పుకోలు పత్రం మీద తనొక్కతే సంతకం చేస్తే చాలు. 18 నిండకపోయినా, మానసిక అనారోగ్యం ఉన్నా మాత్రమే సంరక్షకులు రాసివ్వాలి. అత్తగారి అనుమతి, పెద్దమనుషుల మాట, ఏదీ అక్కర్లేదు. ఉంచుకోవాలా వద్దా అన్నది ఆమె మనస్సాక్షికి సంబంధించిన ప్రశ్న. ఉంచుకుంటానంటే బలవంతంగా తీయించడం నేరం.

ఈ సంతకం కోసం తిరగడంలో పోయేవి వారాలు. వారాల లెక్క ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి మొదలవుతుంది. 9 వారాల లోపైతే మాత్రలు సరిపోతాయి: మిఫెప్రిస్టోన్ 200 మిల్లీగ్రాములు, 24 నుంచి 48 గంటల తర్వాత మిసోప్రోస్టాల్ 800 మైక్రోగ్రాములు. అది దాటితే ఆసుపత్రిలో చేయించుకోవాల్సిందే. 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం చాలు. 20 నుంచి 24 మధ్య ఇద్దరు కావాలి, అదీ చట్టం చెప్పిన కొన్ని పరిస్థితుల్లోనే. ఆ డాక్టరు కూడా అర్హత, అనుభవం ఉన్నవారై ఉండాలి. మన ఊళ్లలో ఆర్ఎంపీ అని పిలిచే ఆయన కాదు.

భర్తకు తెలియకూడదని మందుల షాపులో మాత్రలు కొని మింగేవాళ్లను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. గర్భం గర్భసంచిలో కాకుండా ట్యూబులో ఉంటే ఆ మాత్రలు పనిచేయవు, ట్యూబు పగిలి ప్రాణం మీదికొస్తుంది. ముందు డాక్టరుకు చూపించుకుని, గర్భం ఎక్కడుందో తేల్చుకోవాలి. మాత్రలు వేసుకున్నాక గంటకు రెండు పెద్ద ప్యాడ్ల చొప్పున వరుసగా రెండు గంటలు తడిసిపోతుంటే ఆసుపత్రికి వెళ్లడానికి తెల్లారేదాకా ఆగకండి. పేరు బయటపడుతుందన్న భయమూ వద్దు. వివరాలు బయటపెట్టిన డాక్టరుకు ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు.

పెళ్లికాని వాళ్లకు చేయరంటారు. చేస్తారు. 2021 సవరణ, 2022 సుప్రీంకోర్టు తీర్పు ఆ తేడా తీసేశాయి. ట్యూబెక్టమీకి (పిల్లలు పుట్టకుండా ఆడవాళ్లకు చేసే ఆపరేషన్‌కు) కూడా భర్త సంతకం అక్కర్లేదు. గర్భం రాకుండా కలయిక తర్వాత 72 గంటల లోపు వేసుకునే మాత్ర అబార్షన్ చేస్తుందన్నది కూడా తప్పే. అండం విడుదలను ఆలస్యం చేస్తుందంతే, నిలిచిన గర్భాన్ని ఏమీ చేయదు.

అబార్షన్ చేయడానికి మనసొప్పని డాక్టర్లు ఉన్నారు. వాళ్లను నిందించను. కాకపోతే ఆ మాట మొదటిరోజే చెప్పి, చేసే చోటికి చీటీ రాసి పంపాలి. లేని సంతకం అడగకూడదు. తల్లి ప్రాణం మీదికొచ్చినప్పుడు ఎం.టి.పి. చట్టం సెక్షన్ 5 కింద వారాల పరిమితీ లేదు, రెండో డాక్టరు కోసం ఆగక్కర్లేదు.