ఉప్పూ పంచదారా దాటే గుమ్మం

పెదవాల్తేరు, విశాఖపట్నం

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

అమ్మమ్మకు షుగరు మాత్ర మారిస్తే బీపీ ఎందుకు తగ్గిందని ఫోనులో అడిగారు. ఇంట్లో పెద్దవాళ్ళెవరికీ తోచని ప్రశ్న!

మూత్రపిండాల పని భోగికి ముందు ఇల్లు దులపడం వంటిది. మా అమ్మ సామానంతా అరుగు మీదికి చేర్పించేది. కావలసినవి తిరిగి లోపలికి మోయడం పిల్లల వంతు, పనికిరానివి మంటకు. మూత్రపిండాలూ రోజుకు సుమారు 180 లీటర్లు బయటపెట్టి, ఒకటి రెండు లీటర్లు తప్ప అంతా వెనక్కి తెచ్చుకుంటాయి. నా వంతుకు పంచదార డబ్బా, ఉప్పు జాడీ వచ్చేవి. చెరో చేత పట్టుకుని ఒక్కసారే గుమ్మం దాటేవాణ్ణి. సముద్రపు గాలికి చెమర్చిన ఉప్పునీరు చొక్కా మీద ఒలికేది. తూలిపడితే అమ్మ ముందు జాడీని చూసి, ఆ తరువాత నన్ను చూసేది.

మూత్రపిండంలోనూ ఒక గుమ్మం అలాంటిదే. రక్తంలోకి తిరిగి వెళ్ళే చక్కెర ఉప్పులోని సోడియాన్ని వెంటబెట్టుకుని వెళుతుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మందులు ఆ గుమ్మానికి గడియ పెడతాయి. చక్కెరతోపాటు కొంత ఉప్పు, దాని వెనకే నీరు మూత్రంలో పోతాయి. బీపీ పై అంకె సగటున 3 నుంచి 5 వరకు దిగుతుంది. ఇలా గడియ పెట్టే పదార్థాన్ని 1835లోనే ఆపిల్ చెట్టు వేరు బెరడు నుంచి తీశారు. ఆ చెట్టుకు మన షుగరుతో ఏం పనో!

ఉప్పు అందరినీ ఒకేలా పట్టదు. కొందరు రోజూ ఎండుచేపలు తిన్నా బీపీ కదలదు. అమ్మమ్మకు నాలుగు రోజులు ఆవకాయ ఎక్కువైతే చాలు, ఎక్కుతుంది. షుగరున్నవారిలో ఇలాంటివారు ఎక్కువ. షుగరు మందులన్నీ ఈ మేలు చేయవు. పయోగ్లిటజోన్ ఉప్పునూ నీటినీ లోపలే ఉంచుతుంది, కొందరికి పాదాలు వాస్తాయి.

ఉప్పుకు వేరే గుమ్మాలు చాలా ఉన్నాయి. మాత్ర ఉంది కదా అని అమ్మమ్మ జాడీ దగ్గరికి వెళితే ఆపండి. రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా, దాటకూడదు. మాత్ర మార్చడం, మానడం డాక్టరు చూసుకుంటారు.

ఉప్పు వెంట నీరెందుకు పోతుందంటారా? మీ అమ్మ మాగాయకు ముక్కలు కోస్తోందట. వాటికి ఉప్పూ పసుపూ తప్ప చుక్క నీరు పోయరు. మూడో రోజు మూత తీసి ఊట ఎంత వచ్చిందో చూడండి. తడి చేయి మాత్రం పెట్టకండి, పాడైతే మీ అమ్మ నన్నే అంటుంది.

తాతయ్య