సౌండ్ ఎటు పోయింది?

లినక్స్ ల్యాప్‌టాప్‌లో పాట నడుస్తూనే ఉంటుంది, వాల్యూమ్ నూటికి నూరు ఉంటుంది, స్పీకర్లు మాత్రం నోరు మెదపవు. చాలామంది వెంటనే డ్రైవర్ కోసం వెతుకుతారు. అది విండోస్ అలవాటు. లినక్స్‌లో సౌండ్ డ్రైవర్లు దాదాపు అన్నీ లినక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్‌తోనే వస్తాయి, విడిగా దింపుకోవాల్సిన అవసరం అరుదు. నేను చూసినంతవరకు సౌండ్ రాని కేసుల్లో ఎక్కువ వాటిలో శబ్దం ఆగిపోలేదు. మన మడికి రావాల్సిన నీళ్లు పక్క మడికి మళ్లినట్టు, ఇంకెటో పోయింది.

పాట ప్లేయర్ నుంచి ముందు సౌండ్ సర్వర్‌కి వెళ్తుంది. ఇప్పటి డిస్ట్రోల్లో (ఉబుంటు, ఫెడోరా లాంటి లినక్స్ రకాల్లో) ఆ పని చేసేది ఎక్కువగా పైప్‌వైర్ అనే ప్రోగ్రాం. 2021లో ఫెడోరా 34 అంతకుముందున్న సర్వర్ పల్స్‌ఆడియోని పక్కనపెట్టి దీన్ని తెచ్చింది. బ్రౌజర్‌లోని వీడియో, ప్లేయర్‌లోని పాట, మెసేజ్ వచ్చిన టింగుమనే మోత అన్నీ కలిపి ఏ పరికరానికి పంపాలో సర్వరే తేలుస్తుంది. దాని కింద, కెర్నెల్‌లో, సౌండ్ డ్రైవర్లుండే ఆల్సా అనే భాగం ఉంటుంది. 1998లో యారొస్లావ్ కిసెలా గ్రావిస్ అల్ట్రాసౌండ్ కార్డు కోసం మొదలుపెట్టిన పని ఇంత పెద్దదైంది. అన్నింటికన్నా అడుగున కోడెక్ చిప్. సెకనుకు 44,100 లేదా 48,000 అంకెలు తీసుకుని స్పీకర్‌ను కదిలించే కరెంటుగా మార్చేది అదే.

ఇన్ని మెట్లున్నప్పుడు మధ్య మెట్టైన ఆల్సా దగ్గర మొదలుపెట్టడం మేలు. టెర్మినల్‌లో ఏప్లే అని రాసి, పక్కన అడ్డగీత, చిన్న ఎల్ అక్షరం పెడితే (aplay -l) కెర్నెల్‌కు తెలిసిన కార్డులన్నీ వరుసగా వస్తాయి. కార్డు కనిపించిందంటే తప్పు చాలావరకు పైమెట్లలోనో, మ్యూట్‌లోనో ఉన్నట్టే. చాలాసార్లు అక్కడ రెండు కార్డులుంటాయి: ఒకటి మానిటర్‌కి కలిపే హెచ్‌డీఎంఐది, రెండోది అసలు స్పీకర్లది. స్పీకర్లే లేని మానిటర్‌కి సర్వర్ శ్రద్ధగా పాట పంపుతూ ఉండవచ్చు. సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్ మారిస్తే అక్కడితో పని అయిపోతుంది.

జాబితా ఖాళీగా ఉండి, సెట్టింగ్స్‌లో ‘డమ్మీ అవుట్‌పుట్’ (అంటే ఉత్తుత్తి పరికరం) అని ఒక్కటే కనిపిస్తే కథ వేరు. ఈమధ్య ఇంటెల్ ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో సౌండ్ పనిచేయాలంటే సౌండ్ ఓపెన్ ఫర్మ్‌వేర్ ఫైళ్లు, అంటే సౌండ్ హార్డ్‌వేర్‌లోకి ఎక్కించే చిన్న ప్రోగ్రాంలు, ఉండాలి. కొన్ని డిస్ట్రోల్లో ఆ ప్యాకేజీని విడిగా వేసుకోవాలి.

కార్డు ఉంది, అవుట్‌పుట్ సరైనదే, అయినా చప్పుడు లేదు. అప్పుడు టెర్మినల్‌లో ఆల్సామిక్సర్ (alsamixer) తెరవండి. మొదట ఒకే ఒక్క కడ్డీ కనిపిస్తే మోసపోవద్దు, అది సర్వర్ చూపించే ముసుగు. ఎఫ్6 నొక్కి అసలు కార్డు ఎంచుకుంటే మాస్టర్, హెడ్‌ఫోన్, స్పీకర్, పీసీఎం అంటూ కడ్డీలు బయటపడతాయి. కడ్డీ అడుగున ‘ఎంఎం’ అని ఉంటే అది మ్యూట్‌లో ఉంది. కీబోర్డులో ఎం నొక్కితే అది ‘ఓఓ’ అవుతుంది. ఆల్సా మొదటినుంచీ ఛానెళ్లను మ్యూట్‌లోనే ఉంచి మొదలవుతుంది. వాటిని తెరిచే పని డిస్ట్రోది, అది ఒక్కోసారి జరగదు.

అక్కడే ‘ఆటో మ్యూట్’ కూడా ఉంటుంది. హెడ్‌ఫోన్ పెట్టగానే స్పీకర్లు ఆపేసేది అదే. పిన్ను దూరిందా లేదా అన్నది హెడ్‌ఫోన్ రంధ్రంలోని చిన్న స్విచ్ చెబుతుంది. దుమ్ము పట్టి అది ఇరుక్కుపోతే, ఏమీ పెట్టకపోయినా హెడ్‌ఫోన్ ఉందనే చిప్ అనుకుంటుంది. ఆటో మ్యూట్ తీసేయగానే స్పీకర్లు పలికితే దొంగ దొరికినట్టే. పిన్ను నాలుగైదుసార్లు పెట్టి తీస్తే స్విచ్ దారికి రావచ్చు. అదే కంప్యూటర్‌లో విండోస్ కూడా ఉంటే, దాన్నుంచి రీస్టార్ట్ చేసి రాకుండా పూర్తిగా ఆపి, లినక్స్ ఆన్ చేసి చూడండి. కొన్ని చిప్‌లు పాత సెట్టింగులతోనే మిగిలిపోతాయి.

ఇవన్నీ దాటినా మౌనమేనా? ఇక ఒకే చిప్ ఉన్నా స్నేహితుడి ల్యాప్‌టాప్ ఎందుకు పలుకుతుంది, మనది ఎందుకు పలకదు అన్న ప్రశ్న మిగులుతుంది. 2004లో ఇంటెల్ తెచ్చిన హెచ్‌డీ ఆడియో ప్రమాణం ప్రకారం చిప్‌లోని ఏ కాలు స్పీకర్‌కి, ఏది మైకుకి కలిపారో బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రాం) చెప్పాలి. తయారీదారులు ఆ పట్టికను తరచూ తప్పుగా నింపుతారు, లేదా విండోస్ డ్రైవర్‌లో సర్దుకుంటారులే అని వదిలేస్తారు. అందుకే కెర్నెల్ ఏ మోడల్‌కి ఏ సవరణ చేయాలో రాసిన పొడవాటి జాబితాను మోస్తూ తిరుగుతుంది. ఒక్క రియల్‌టెక్ కంపెనీ చిప్‌లకే అది వందల వరుసలు. కొత్త మోడల్ కొన్నవాళ్లు ముందు కొత్త కెర్నెల్ వేసి చూడాలి. అప్పటికీ పలకకపోతే ఆల్సా‌ఇన్ఫో (alsa-info) స్క్రిప్టు నడిపి, వచ్చిన వివరాలు ఆల్సా డెవలపర్లకు పంపాలి. తెలిసిన తరహా తప్పే అయితే ఆ జాబితాలో ఒక్క వరుస చేరిస్తే సరిపోతుంది. తర్వాత అదే మోడల్ కొన్నవాళ్లకు ఈ గొడవే ఉండదు.