మీసం కథ, స్టిక్కర్ కథ

కావలి,
ఆదివారం పొద్దున

చిరంజీవులైన మా పిలకాయలందరికీ తాత దీవించి రాయునది. ఇక్కడ నేను, మీ అవ్వ క్షేమం. మీ క్షేమ సమాచారాలు వాట్సాప్‌లో అవసరానికి మించే తెలుస్తున్నాయి.

పెళ్లిలో తీసిన నా ఫొటోను స్టిక్కర్ చేశారని నిన్ననే తెలిసింది. నోట్లో మలై కాజా, ఒక బుగ్గ ఉబ్బి, ఎవరో "ఫొటో" అనగానే నవ్వబోయి సగంలో ఆగిపోయిన మొహం. కరెంటు పోయినా అదే, మార్కులు తగ్గినా అదే, మీ బాబాయి కొత్త చొక్కా వేసినా అదే పెడుతున్నారంట. కోపమేం రాలేదు. "ఇదెందుకింత హిట్టయిందో అర్థం కాలేదు తాతా" అని చిన్నది రాసింది చూడండి, అందుకే ఈ ఉత్తరం.

నాకు 22 ఏళ్లప్పుడు మా ఊళ్లో శ్రీరామనవమి పందిట్లో నాటకం ఆడాం. నాది దుర్యోధనుడి వేషం. పద్యం రెండో పాదంలోకి వచ్చేసరికి చెమటకు జిగురు కరిగి పెట్టుడు మీసం ఎడమవైపు వేలాడింది. చూపుడువేలితో దాన్ని ముక్కు కింద నొక్కిపట్టి, ఇంకో చేత్తో గద ఎత్తుకుని, పద్యం ఆపకుండా లాగించాను. జనం పడీపడీ నవ్వుతున్నారు. నా గొంతుకు మురిసిపోతున్నారనుకుని రాగం ఇంకో రెండు మెలికలు తిప్పాను కూడా.

మర్నాటి నుంచి టీ కొట్టు దగ్గర ఎవరికి ఏ ఇబ్బంది వచ్చినా ముక్కు కింద వేలు పెట్టడం మొదలైంది. అప్పు ఇచ్చినవాడు ఎదురొస్తే వేలు. బస్సు తప్పిపోతే వేలు. నెల తిరిగేసరికి నాటకం చూడని పక్క ఊరివాళ్లు కూడా పెడుతున్నారు, అది దుర్యోధనుడి మీసమని వాళ్లకు తెలియనే తెలియదు. మీరు మీమ్ అనేది ఇదే కదరా. ఆ మాట కూడా మీ ఫోన్లకంటే పాతది. రిచర్డ్ డాకిన్స్ అనే జీవశాస్త్రవేత్త 1976లో పుట్టించాడు. పాటో, మాటో, అలవాటో ఒకరిని చూసి ఒకరు అనుకరిస్తూ మనిషి నుంచి మనిషికి పాకడం అని ఆయన అర్థం.

తర్వాతి ఏడాది కమిటీవాళ్లు వచ్చి "ఈసారి కూడా అట్టాగే మీసం ఊడదియ్యబ్బయ్యా" అన్నారు. ఊడదీశాను. ఒక్కడు నవ్వితే ఒట్టు. మొదటి ఏడు నా చూపు పద్యం మీదుంది, రెండో ఏడు జనం మీదుంది. ఇబ్బందిలో పడ్డవాడికి తాను నవ్వులాటగా ఉన్నానని తెలియకూడదు. తెలిసినట్టు కళ్లలో కనబడిందా, ఇక అయిపోయినట్టే.

నటుడి పని ఇక్కడే కష్టం. తనకు తెలుసు, తను వేసిన పాత్రకు తెలియకూడదు. బ్రహ్మానందంగారు సినిమాల్లోకి రాకముందు అత్తిలిలో తెలుగు లెక్చరర్. ఎన్ని సినిమాలు చేశారంటే గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కారు. ఆయన పాత్రల్లో చాలావరకు తమంత తెలివైనవాడు లేడనే ధీమాతోనే నడుస్తాయి. ఆ ధీమా కూలిపోయే క్షణంలో మొహం ఉంటుందే, దాన్నే మీరు కత్తిరించుకుంటారు. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములైతే, మీకు కావాల్సింది అందులో ఒక్కటి. మా కాలంలో మన నెల్లూరు జిల్లా జగదేవిపేట రమణారెడ్డిగారు ఉండేవారు, వెదురు బద్దలాంటి మనిషి. ఆయన నిలబడితే చాలు, నవ్వు. అప్పుడు ఫోన్లు ఉండుంటే మీ స్టిక్కర్లలో సగం ఆయనవే.

మిస్టర్ బీన్‌ది ఇంకో దారి. 1990లో టీవీలోకి వచ్చాడు, చేసినవి పట్టుమని 15 ఎపిసోడ్లు. నోరు పెద్దగా విప్పడు కాబట్టి కావలిలో మీ అవ్వక్కూడా అర్థమవుతాడు.

ఇక ఆ మొహం అన్నిచోట్లా ఎలా అతుకుతుందంటారా? తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడు, బంగారక్క ఉంటారు. రామాయణమైనా, భారతమైనా అవే బొమ్మలు. జనం కునికిపాట్లు పడుతుంటే కథతో పని లేకుండా తెర మీదికొచ్చి, నవ్వించి పోతాయి. మీమ్ మొహం కూడా అంతే, దాని సొంత కథ ఊడిపోయాకే పనికొస్తుంది. అయితే ఒట్టి నవ్వు మొహం పండగకు తప్ప పనికిరాదు. పెదవులు ఒకటి చెబుతుంటే కళ్లు ఇంకోటి చెప్పాలి. అప్పుడే మాట మారిస్తే అర్థం మారుతుంది. కాజా మింగలేక, నవ్వలేక నేను పడ్డ అవస్థ మీకు అందుకే అన్నింటికీ సరిపోతోంది.

హంగరీలో ఆండ్రాష్ అరాటో అని ఒక ఎలక్ట్రికల్ ఇంజనీరు ఉన్నాడు. (బీన్ వేషం వేసిన రోవాన్ అట్కిన్సన్ చదివిందీ ఎలక్ట్రికల్ ఇంజనీరింగే, ఆ కరెంటులో ఏముందో మరి.) ప్రకటనలకు అమ్ముకునే ఫొటోల కోసం నవ్వుతూ నిలబడ్డాడు. పళ్లు నవ్వుతున్నాయి, కళ్లు నవ్వడం లేదు. బాధ దాచుకుంటున్న ముసలాయన అని లోకమంతా ఆడుకుంది. 2011లో తన ఫొటోలు వెతుక్కుంటే ఈ సంగతి బయటపడింది. మొదట ఇబ్బందిపడ్డాడు, తర్వాత తనే ఆ పేరుతో సభలకెళ్లి మాట్లాడాడు. ఆయన కెమెరా ముందు నిలబడ్డాడు సరే, ఈ వేషం మాత్రం ఒప్పుకున్నది కాదు. బ్రహ్మానందంగారిది ఆయన కష్టపడి చెక్కుకున్న మొహం. మీ క్లాసులో నత్తిగా పాఠం చదివిన పిల్లాడి వీడియో మీ గ్రూపులో తిరుగుతోందని విన్నాను. వాడు ఏ వేషమూ వెయ్యలేదు కదరా. అది తీసెయ్యండి, ఈ వారంలోనే.

నాది ఉంచుకోండి. నన్నడక్కుండా చేశారు కాబట్టి బాకీ కింద ఈసారి అరకిలో మలై కాజా తెండి, నెల్లూరుది. మీ అవ్వ ఆ స్టిక్కర్‌ను ఒంగోల్లో వాళ్ల చెల్లెలికి రోజుకు మూడుసార్లు పంపుతోంది. అటునుంచి కూడా అదే వస్తోంది. వాళ్లేం మాట్లాడుకుంటున్నారో నాకు మాత్రం చెప్పడం లేదు.

ఇట్లు,
మీ తాత