వాయించింది ఆయనా, ఆ పెట్టా?

చిరంజీవులైన మనవడికీ మనవరాలికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్నటి పెళ్లి రిసెప్షన్‌లో వేదిక మీద ఒక్కాయన కూర్చుని కీబోర్డు వాయిస్తుంటే డ్రమ్ములు, బేస్ గిటారు, వయొలిన్లు అన్నీ కలిసి వినిపించాయనీ, చుట్టూ చూస్తే ఆయన తప్ప ఎవరూ లేరనీ, అప్పుడు చిన్నది "వాయించింది ఆయనా, ఆ పెట్టా?" అని అడిగిందనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. వెంటనే పెద్దవాడు "అది అరేంజర్, నాకు అలాంటిది వద్దు, వర్క్‌స్టేషన్ కావాలి" అన్నాడట. ఆ ప్రశ్నకూ ఈ కోరికకూ జవాబు చెప్పాలంటే నాకు మగ్గం తప్ప మరో దారి తెలియదు. సాలె ఇంట పుట్టినవాణ్ణి, ఏది చెప్పబోయినా మగ్గంలో దారాన్ని అటూ ఇటూ తీసుకెళ్లే నాడె చప్పుడుతోనే మొదలవుతుంది, ఓపిక పట్టండి.

మా మేనమామగారి ఇంట్లో మగ్గం పైన జకార్డు ఉండేది. జకార్డు అన్నది ఫ్రాన్సులోని లియోన్ పట్టణపు మనిషి పేరు. 1804 ప్రాంతంలో ఆయన రూపొందించిన యంత్రానికి ఆ పేరే నిలిచిపోయింది. రంధ్రాలు కొట్టిన అట్టలను వరుసగా దారంతో కుట్టి మగ్గం మీద వేలాడదీస్తారు. మామయ్య కాలితో తొక్కిన ప్రతిసారీ ఒక అట్ట ముందుకు జరిగేది, రంధ్రం ఉన్నచోట కొక్కెం లేచి పడుగు పోగులను ఎత్తేది, రంధ్రం లేనిచోట పోగులు కిందనే ఉండేవి, ఆ సందులోంచి నాడె దూసుకుపోయేది. నేను కింద కూర్చుని, చీర మీద నెమలి ముక్కు ఎప్పుడు మొదలవుతుందా అని నోరు తెరుచుకుని చూసేవాణ్ణి. నెమలిని మామయ్య గీయలేదు. ఎక్కడో ఎవరో గీసి, అట్టలకు రంధ్రాలు కొట్టి పంపారు. అయినా ఆ చీర మామయ్య నేసిందే.

అరేంజర్ కీబోర్డు ఈ జకార్డు మగ్గం లాంటిది. అందులో స్టైల్ అనేవి ఉంటాయి. భజనకు ఒకటి, దాండియాకు ఒకటి, వాల్ట్జ్‌కు ఒకటి. ఒక్కో స్టైల్‌లో డ్రమ్ములు ఏం కొట్టాలో, బేస్ ఎక్కడ పలకాలో, గిటారు ఎక్కడ గీరాలో అనుభవజ్ఞులైన వాద్యకారులు ముందే నింపిపెడతారు. మీరు ఎడమచేతితో మూడు స్వరాలు కలిపి నొక్కితే, అంటే కార్డ్ పట్టుకుంటే, ఆ బృందమంతా ఆ కార్డ్‌లోనే వాయించడం మొదలుపెడుతుంది. సి మేజర్ నుంచి ఎఫ్ మేజర్‌కు వెళితే అదే నడక ఎఫ్‌లోకి మారుతుంది. నాడెలో ఎరుపు దారపు కండె తీసి పచ్చ కండె పెడితే నెమలి అదే ఉండి రంగు మారినట్టన్నమాట. కుడిచెయ్యి మాత్రం పూర్తిగా మీది, పాట దానితోనే పలుకుతుంది. పాట మొదట్లో ఇంట్రో, చరణం మారేచోట ఫిల్‌ఇన్, చివర ఎండింగ్, ఒక్కోదానికీ ఒక్కో బొత్తాం. ఏ బొత్తాం ఎప్పుడు నొక్కాలో తెలియడమే ఆ వాయిద్యంలో సగం విద్య.

ఆ సగం విద్య నాకు కష్టంగానే అబ్బింది. ఉద్యోగం నుంచి విరమించిన ఏడాది ఒక పాఠశాల వార్షికోత్సవంలో పిల్లల బృందగానానికి అరేంజర్ వాయిస్తూ, చరణం ఇంకా ఒకటి మిగిలి ఉండగానే ఎండింగ్ నొక్కేశాను. డ్రమ్ములు ఘనంగా ముగిశాయి, తాళాలు ఝల్లుమన్నాయి, చప్పట్లు కూడా పడ్డాయి. పిల్లలేమో పల్లవి నోట్లో పెట్టుకుని నా వైపు చూస్తూ నిలబడిపోయారు.

ఇక వర్క్‌స్టేషన్, అంటే శబ్దాన్నీ బృందాన్నీ మీరే తయారు చేసుకునే కీబోర్డు. దీనికి మా ఇంటి మగ్గమే సరైన పోలిక, ఎందుకంటే మాది చిటికి పని. మా నాన్న నేత మొదలుపెట్టకముందే నూలుకు రంగు వేసేవాడు. మా అమ్మ ఆసు అనే చట్రం మీద పోగులు పోసి పోసి రాత్రి భుజం పట్టుకుని కూర్చునేది. ఆ పోగుల్లో ఏ అంగుళం తెల్లగా ఉండాలో లెక్కగట్టి, అక్కడ సైకిలు ట్యూబు ముక్కలు బిగించి కట్టి, రంగులో ముంచి, ఆరబెట్టి, విప్పి, మళ్లీ వేరేచోట కట్టి వేరే రంగులో ముంచేవారు. బొమ్మ మగ్గం ఎక్కకముందే నూలులో ఉండేది. వర్క్‌స్టేషన్‌లో మీరు ముందు శబ్దానికే రంగు వేస్తారు. పియానో మీట నొక్కగానే ఠంగున మొదలై మెల్లగా సన్నగిల్లుతుంది. అందులో అటాక్ అనే అంకెను పెంచండి, సుత్తి దెబ్బ మాయమై, పియానో నాదమే ఏదో ఊదుతున్నట్టు నెమ్మదిగా ఉబుకుతుంది. ఫిల్టరు మూస్తే గొంతు కంబళి కప్పుకున్నట్టు మందగిస్తుంది, తెరిస్తే పదునెక్కుతుంది.

అలా రంగు వేసిన శబ్దాలను, వాయించినదాన్ని గుర్తుపెట్టుకుని మళ్లీ వినిపించే సీక్వెన్సర్‌లో ఒక్కొక్క ట్రాకుగా, అంటే పొరగా, నేస్తారు: ముందు తబలా, దాని మీద బేస్, దాని మీద వేణువు. సీక్వెన్సర్ దాచుకునేది శబ్దాన్ని కాదర్రా! ఏ మీట, ఏ క్షణాన, ఎంత బలంతో, ఎంతసేపు నొక్కారన్నది మాత్రమే, ఆ బలాన్ని కూడా 127 దాకా అంకెల్లో రాసుకుంటుంది. ఇది 1983లో వచ్చిన మిడి పద్ధతి. ఇక్కడ నాకు మళ్లీ మామయ్య అట్టలే కనిపిస్తాయి. అట్టలో దారం ఉండదు, ఏ దారం లేవాలన్న ఆజ్ఞ ఉంటుంది. అందుకే వేణువుతో వాయించి దాచినదాన్ని తర్వాత వీణతో పలికించవచ్చు, తప్పు పడిన ఒక్క స్వరాన్ని మాత్రం లాగి సరిచేయవచ్చు. ఈ తరహా వాద్యాలకు పేరు తెచ్చిన కోర్గ్ ఎమ్1 1988లో వచ్చింది. ఎనిమిది ట్రాకుల సీక్వెన్సర్, నాదాలన్నిటికీ కలిపి నాలుగు మెగాబైట్ల చోటు, అంటే ఇప్పుడు మీరు ఫోనులో తీసే ఒక ఫోటోకు పట్టేంత. అంతలోనే ప్రపంచమంతా వినిపించేలా చేశారంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

నా పోలిక ఇక్కడ కొంచెం చిక్కు పడుతుందని ఒప్పుకుంటాను. మంచి అరేంజర్లలో మీ స్టైల్ మీరే తయారు చేసుకోవచ్చు. వర్క్‌స్టేషన్లలోనూ ముందే రంగు వేసిన శబ్దాలు వందలకొద్దీ ఉంటాయి, చాలామంది వాటితోనే సరిపెట్టుకుంటారు. పెద్దవాడా, ఆ రెండో రకం వాళ్లలో చేరేటట్టయితే నీకు వర్క్‌స్టేషన్ దండగ.

అరేంజర్ ఇబ్బంది పెట్టేది మన పాటల దగ్గర. స్టైళ్లలో ఎక్కువ భాగం నాలుగు, మూడు, ఆరు దెబ్బల నడకలే. ఏడక్షరాల మిశ్రచాపు కావాలంటే వెతుక్కోవాలి, లేదా మీరే నింపుకోవాలి. పద్యమైతే మరీ కష్టం. శ్రీరామనవమి పందిట్లో పద్యనాటకానికి మా ఊరి హార్మోనిస్టు పక్కన కూర్చుని తిత్తి ఊదే పని నాది. నటుడు పద్యం చివర రాగం తీస్తూ పోతుంటే ఆయన మీటల వైపు చూసేవాడు కాదు, నటుడి గొంతు వైపే చూసేవాడు. ఊపిరి ఎక్కడ ఆగితే అక్కడ ఆగేవాడు, వన్స్‌మోర్ అని జనం కేక వేస్తే మళ్లీ అందుకునేవాడు. అరేంజర్ మీ ఎడమచేతి వేళ్లను వింటుంది, గాయకుడి ఊపిరిని వినదు. పద్యానికి దాని డ్రమ్ములు ఆపేసి హార్మోనియం లాగా వాయించుకోవడమే నాకు తెలిసిన మర్యాద.

చిన్నదానికి స్నేహితులను కూర్చోబెట్టుకుని పాడడం ఇష్టం కాబట్టి అరేంజరే సరైనది. యమహా పీఎస్ఆర్-ఐ500 వంటి వాటిలో తంబురా, తబలాలతో సాధన చేసుకునే రియాజ్ ఏర్పాటు కూడా ఉంది. పెద్దవాడు కొనే ముందు దుకాణంలో ఒక పని చేయాలి. వర్క్‌స్టేషన్‌లో ఏదో ఒక్క శబ్దం తీసుకుని, నేను చెప్పిన అటాక్, ఫిల్టర్ రెండే రెండింటిని అరగంట తిప్పి చూడు. విసుగు పుడితే వచ్చేయి, టైము తెలియకపోతే నాకు ఫోన్ చెయ్యి.

చిన్నదాని ప్రశ్నకు జవాబు నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను, రిసెప్షన్ ఆయన్నే అడగాలి. మీ అమ్మ దగ్గర ఆయన నంబరు ఉంటుంది. డ్రమ్ములన్నీ ఆపి బేస్ ఒక్కటే వినిపించమని అడుగు, కార్డ్ మార్చినప్పుడు అది ఎటు నడుస్తోందో విను. ఆ తర్వాత, ఆ రోజు వాయించిన స్టైల్ పెట్టెతోపాటు వచ్చిందా, తానే తయారు చేసుకున్నాడా అని మర్యాదగా అడిగి, ఆయన ఏమన్నాడో నాకు రాయి.

మీ తాతయ్య