సొంత పాటకు శ్రోతలు: మా స్టూడియోలో రోజూ వినే అపోహలు, వాస్తవాలు

హనుమకొండలో మాది చిన్న రికార్డింగ్ స్టూడియో. ఒక గది, ఒక మంచి మైకు, గోడలకు ఫోమ్. సినిమా పాటలు ఇక్కడికి రావు. సొంతంగా పాట కట్టుకుని, సొంత డబ్బుతో రికార్డ్ చేసుకునేవాళ్ళే వస్తారు. జమిడిక వాయించే పెద్దమనుషులు, డిగ్రీ చదివే ర్యాపర్లు, భజన మండలి అమ్మలు, వారమంతా ఉద్యోగం చేసి శనివారం రాత్రి పాడుకునే సాఫ్ట్‌వేర్ పిల్లలు. మిక్సింగ్ అయ్యాక పాటను స్పాటిఫై, జియోసావన్, యాపిల్ మ్యూజిక్, యూట్యూబ్ మ్యూజిక్‌లలో పెట్టే పని కూడా చాలామందికి నేనే చేసిపెడతాను. నెల తిరక్కముందే ఫోన్ వస్తుంది. "అన్నా, పాట ఏం లేస్తలేదు."

ఆ ఫోన్లలో మళ్ళీ మళ్ళీ విన్న మాటలే ఇవి. వీటిలో కొన్నింటిని ఒకప్పుడు నేనూ నమ్మాను.

అపోహ: పాట బాగుంటే దానంతట అదే జనంలోకి పోతుంది

బాగుండాలి, అందులో సందేహం లేదు. కానీ సంగీత పరిశ్రమ లెక్కలు కట్టే లూమినేట్ సంస్థ ప్రకారం ప్రపంచం మొత్తం మీద రోజుకు సుమారు లక్ష కొత్త ట్రాక్‌లు స్ట్రీమింగ్‌లోకి వచ్చి పడుతున్నాయి. స్పాటిఫైలో ఇప్పటికే 10 కోట్లకు పైగా పాటలున్నాయి. ఆ గుంపులో మన పాటను ఎవరికి వినిపించాలో యాప్ ఎలా నిర్ణయిస్తుంది? ముఖ్యంగా అది చూసేది విన్నవాళ్ళు ఏం చేశారన్నదే. చివరిదాకా విన్నారా, మధ్యలో దాటేశారా? సేవ్ చేసుకున్నారా? సొంత ప్లేలిస్ట్‌లో వేసుకున్నారా? రెండు రోజుల తర్వాత మళ్ళీ వచ్చి వెతుక్కున్నారా? ఇలా చేసినవాళ్ళు ఇంకే పాటలు వింటారో చూసి, అలాంటి ఇతరులకు మన పాటను అందిస్తుంది. మొదట వినేవాళ్ళే లేకపోతే దానికి ఆధారమే లేదు.

అందుకే మొదటి వారంలో ఎవరు వింటున్నారన్నది ముఖ్యం. చుట్టాల వాట్సాప్ గ్రూపులో లింకు పెడితే మొహమాటానికి నొక్కి పది సెకన్లలో ఆపేస్తారు. స్పాటిఫైలో 30 సెకన్లు వింటేనే ఒక స్ట్రీమ్‌గా లెక్క. ఇలా నొక్కి ఆపేసే యాభై మంది కంటే, ఆ తరహా పాటను రోజూ వినే పది మంది మేలు. మా దగ్గరికి వచ్చేవాళ్ళతో రిలీజ్‌కు ముందే ఒక కాగితం మీద పేర్లు రాయిస్తాను. నీ పాట వచ్చాక నువ్వు అడగకుండానే రెండోసారి వినేవాళ్ళు ఎవరు? మొదటిసారి చాలామందికి పదిహేను పేర్లు కూడా రావు. ఆ పదిహేను మందికి గ్రూపులో కాకుండా ఒక్కొక్కరికి విడిగా, రెండు మాటలు రాసి పంపాలి.

అపోహ: పాట రెడీ అవ్వగానే పెట్టేయాలి, రిలీజ్ రోజే అంతా తేలిపోతుంది

దీని వల్ల పాడైనన్ని పాటలు ఇంకే కారణం వల్లా పాడవడం నేను చూడలేదు.

ఒక ఏడాది ఒకామె బతుకమ్మ పాట పట్టుకుని వచ్చింది. తనే రాసింది, తనే పాడింది. వింటుంటే ఒళ్ళు పులకరించింది. కానీ వచ్చింది ఎంగిలిపూల బతుకమ్మకు రెండు రోజుల ముందు. రాత్రంతా కూర్చుని మిక్స్ చేసి తెల్లారేసరికి అప్‌లోడ్ చేశాం. డిస్ట్రిబ్యూటర్ (పాటను యాప్‌లకు చేర్చే సంస్థ) దగ్గర పరిశీలనలో ఆగింది, కవర్ ఫొటో మార్చమన్నారు, మార్చి మళ్ళీ పంపాం. పాట యాప్‌లలో కనిపించేసరికి సద్దుల బతుకమ్మ కూడా అయిపోయింది. ఊళ్ళో చెరువులో పూలు తేలుతున్నాయి. ఆమె నాతో ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ అనిపించింది.

వాస్తవం ఏమిటంటే, స్పాటిఫైలో వాళ్ళ సంపాదకులు నడిపే ప్లేలిస్ట్‌లకు పాటను పంపుకునే సదుపాయం కళాకారులందరికీ ఉచితంగానే ఉంది. అయితే ఇంకా రిలీజ్ కాని పాటనే పంపగలం, అదీ ఒకసారికి ఒక్క పాటనే. రిలీజ్ అయిపోయిందా, ఆ పాటకు ఆ తలుపు మూసుకున్నట్టే. కనీసం ఏడు రోజుల ముందు పంపితే, ప్లేలిస్ట్‌లోకి తీసుకోకపోయినా, మనల్ని ఫాలో అవుతున్నవాళ్ళకు శుక్రవారం వచ్చే 'రిలీజ్ రాడార్' అనే కొత్త పాటల ప్లేలిస్ట్‌లో పాట కనిపిస్తుంది. మేమిప్పుడు రిలీజ్ తేదీకి నాలుగు వారాల ముందే డిస్ట్రిబ్యూటర్‌కు పంపేస్తున్నాం. పాట గురించి రాయడానికి 500 అక్షరాలు ఇస్తారు. 'చాలా మంచి మెలోడీ' అని రాసి వాటిని వృథా చేయకండి. ఏ వాయిద్యం, ఏ పండుగ, ఏ ప్రాంతపు బాణీ, ఎవరు వింటారు, మీరు ఏం ప్రచారం చేయబోతున్నారు, ఇవి రాయండి. జమిడిక మీద కట్టిన పాట అయితే జమిడిక అనే రాయండి, ఉత్త 'ఫోక్' అని వదిలేయకండి.

ఇక ఆ బతుకమ్మ పాట సంగతి. మరుసటి ఏడాది కొత్త పాట చేద్దామని ఆమె మళ్ళీ వచ్చింది. వద్దమ్మా, ఆ పాటకే ఇంకో అవకాశం ఇద్దాం అన్నాను. పండుగకు పదిహేను రోజుల ముందు, పూలు పేరుస్తూ పాడుతున్న వీడియోలు నాలుగు ఫోన్‌తోనే తీసింది. తెలిసిన కాలనీల్లో బతుకమ్మ ఆడించే పెద్దమ్మలకు, అక్కలకు పాటను పంపి, మీ స్పీకర్‌లో ఒక్కరోజు పెట్టండి అని అడిగింది. ఆ తొమ్మిది రోజుల్లో పాట లేచింది. సినిమా పాటలా మొదటి వారానికే పాట జాతకం తేలిపోవాలన్న నియమం మనకు లేదు. బోనాలు, వినాయక చవితి, సంక్రాంతి, పెళ్ళిళ్ళ ముహూర్తాలు, మన పాటలకు ఏటా తిరిగి వచ్చే రోజులు ఎన్నో ఉన్నాయి.

అపోహ: కొంచెం డబ్బు పెట్టి స్ట్రీమ్స్ కొంటే, దాన్ని చూసి నిజమైన శ్రోతలు వస్తారు

ఈ తప్పు నేను చేశాను. మొదట్లో నా సొంత పాట ఒకదానికి, ప్లేలిస్ట్‌లలో వేయిస్తామన్న ఒకరికి డబ్బు కట్టాను. వారంలో వేల స్ట్రీమ్స్ వచ్చాయి. సంతోషంగా పాట లెక్కలు చూపే డాష్‌బోర్డ్ తెరిస్తే, వింటున్నవాళ్ళంతా తెలుగువాళ్ళ ఊసే లేని నగరాల్లో ఉన్నారు. సేవ్‌లు దాదాపు సున్నా. కొద్ది రోజులకు పాటనే తీసేశారు. అంతకంటే పెద్ద నష్టం తర్వాత తెలిసింది. నా పేజీలో 'ఈ కళాకారుడిని విన్నవాళ్ళు వీళ్ళనూ విన్నారు' అనే చోట నాకు ఏ సంబంధమూ లేని పేర్లు వచ్చి కూర్చున్నాయి. నా పాటలు ఎవరికి నచ్చుతాయన్న సమాచారమే కలుషితమైపోయింది. తర్వాతి పాటకు అసలైన శ్రోతలను చేరడానికి చాలా కాలం పట్టింది.

2024 నుంచి, ఒక పాటకు వచ్చినవాటిలో దొంగ స్ట్రీమ్స్ మరీ ఎక్కువని తేలితే స్పాటిఫై పాటకు ఇంత అని డిస్ట్రిబ్యూటర్‌కు జరిమానా వేస్తోంది. ఆ డబ్బు చివరికి కళాకారుడి ఖాతా నుంచే పోయే అవకాశం ఎక్కువ. అదే ఏడాది సెప్టెంబరులో, మనుషుల బదులు పాటలు నడిపే ప్రోగ్రామ్‌లైన బాట్‌లతో పాటలు వినిపించి కోటి డాలర్లకు పైగా రాయల్టీ కాజేశాడని అమెరికాలో నార్త్ కరోలినాకు చెందిన ఒకతని మీద నేరాభియోగం మోపారు. మన పిల్లలు ఆ స్థాయిలో ఏమీ చేయరు, నాకు తెలుసు. కానీ 'పది వేల స్ట్రీమ్స్ గ్యారంటీ' అని ఇన్‌స్టాలో మెసేజ్ పెట్టేవాళ్ళు ఎక్కడి నుంచి తెస్తారో ఒక్కసారి ఆలోచించండి. స్ట్రీమ్స్‌కు గ్యారంటీ ఇస్తున్నారంటేనే వినేది మనుషులు కాదని అర్థం.

అపోహ: యూట్యూబ్‌లో లక్షల వ్యూస్ ఉన్నాయి కాబట్టి నాకు శ్రోతలు ఉన్నట్టే

ఇది చెప్పడానికి కష్టంగా ఉంటుంది, ఎందుకంటే తెలంగాణ జానపదానికి యూట్యూబ్ చేసిన మేలు చిన్నది కాదు. సినిమా తలుపు తట్టకుండానే ఊళ్ళలోంచి పాటలు లోకానికి చేరాయి. కానీ ఆ వీడియోల కింద కామెంట్లు చదవండి. ఎక్కువ భాగం డాన్స్ చేసిన అమ్మాయి గురించి, అబ్బాయి గురించి, లొకేషన్ గురించి. పాడినామె పేరు డిస్క్రిప్షన్‌లో ఎక్కడో ఐదో వరుసలో ఉంటుంది, కొన్నిసార్లు ఉండదు కూడా. పాట పెద్ద హిట్టు, గాయని ఎవరో ఎవరికీ తెలియదు. ఇక వేరే యాప్‌లో ఆమె పేరు కొట్టి ఎవరు వెతుకుతారు?

గాయకులకు నేను ఒకటే చెప్తాను. ఛానెల్ వాళ్ళతో ఒప్పుకునే ముందే మాట్లాడుకోండి. టైటిల్‌లో పేరు ఉండాలి, వీడియో మొదట్లో పేరు పడాలి, ఆడియోను యాప్‌లకు పంపేటప్పుడు గాయకుల పేరు ప్రధాన కళాకారులుగా ఉండాలి. రికార్డింగ్ రోజు ఇచ్చే పారితోషికం అవసరమే, కాదనను. పేరు పడకపోతే మాత్రం వచ్చే పాటకు మళ్ళీ మొదటి నుంచే మొదలుపెట్టాలి.

రీల్స్ సంగతీ ఇంతే. పల్లవి ముక్క వైరల్ అయినా, ఎవరో తమ ఫోన్‌లో రికార్డ్ చేసి పెట్టిన ఆడియో మీద వైరల్ అయితే మీ పేరు అక్కడ కనిపించదు. డిస్ట్రిబ్యూటర్ ఫారంలో ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ గడులు టిక్ చేశారో లేదో చూసుకోండి.

అపోహ: పేరు ఇంగ్లిష్‌లో ఎలా రాసినా పర్వాలేదు

తెలుగు పాటను చాలామంది వెతికేది ఇంగ్లిష్ అక్షరాల్లోనే. 'వెన్నెల' అని ఒకరు రెండు 'ఎన్'లు పెట్టి కొడతారు, ఒకరు ఒక్కటే పెడతారు, మరొకరు మధ్యలో 'ఇ' మార్చి 'ఎ' పెడతారు. యూట్యూబ్‌లో ఒక స్పెల్లింగు, స్పాటిఫైలో ఇంకొకటి, పోస్టర్ మీద మూడోది పెట్టిన పాటలు నా దగ్గరికి ఎన్నో వచ్చాయి. ఒకటి అనుకుని అన్నిచోట్లా అదే రాయండి. భాష గడిలో తెలుగు ఎంచుకోండి. ఖాళీగానో ఇంగ్లిష్ అనో వదిలితే పాట తప్పు చెవులకు చేరుతుంది.

మీ పేరు సాయి, శ్రావణి లాంటిదైతే, అదే పేరున్న వేరొకరి పేజీలో మీ పాట పడిపోయే ప్రమాదం ఉంది. మొదటి రిలీజ్‌లోనే ఇంటిపేరో ఊరిపేరో కలిపి ప్రత్యేకమైన పేరు పెట్టుకోండి. డిస్ట్రిబ్యూటర్‌ను మారేటప్పుడు ప్రతి పాట రికార్డింగ్‌ను గుర్తించడానికి ఉండే, అక్షరాలు అంకెలు కలిపి 12 ఉండే ఐఎస్‌ఆర్‌సీ కోడ్ రాసిపెట్టుకుని, అదే ఆడియోతో, అదే కోడ్‌తో ఎక్కించండి. లేకపోతే ఇన్నాళ్ళ స్ట్రీమ్స్ లెక్క పోయి పాట మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది.

అపోహ: పాత పాటలను మన గొంతుతో కవర్లుగా పాడితే జనం త్వరగా వస్తారు, క్రెడిట్ ఇస్తే సరిపోతుంది

క్రెడిట్ మర్యాద మాత్రమే, అనుమతి కాదు. మన కాపీరైట్ చట్టంలో కవర్ వెర్షన్ల గురించి 31సీ అనే సెక్షన్ ఉంది. మొదటి రికార్డింగ్ వచ్చిన ఏడాది ముగిశాక ఐదేళ్ళు ఆగాలి, ముందే నోటీసు ఇవ్వాలి, ఏటా కనీసం 50,000 కాపీల లెక్కన రాయల్టీ కట్టాలి అంటుంది. ఇంట్లో కూర్చుని గిటార్‌తో పాడిన సినిమా పాటను అనుమతి లేకుండా యాప్‌లలో పెట్టడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టే తెలుస్తుంది.

భక్తి పాటల వాళ్ళు ఇంకో చోట ఇరుక్కుంటారు. అన్నమయ్య 1408లో పుట్టి 1503లో వెళ్ళిపోయినవాడు, ఆయన సాహిత్యం అందరిదీ. కానీ ఈ రోజు మనం పాడుకునే బాణీల్లో చాలావాటిని కట్టింది రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ వంటి 20వ శతాబ్దపు విద్వాంసులు. స్వరకర్త మరణించాక కూడా 60 ఏళ్ళ వరకు హక్కు ఉంటుంది. రాళ్ళపల్లి వారు 1979లో కన్నుమూశారు, అంటే 2039 చివరిదాకా. భజన మండలి అమ్మలకు నేను చెప్పేది, సాహిత్యం తీసుకోండి, బాణీ మీరే కట్టుకోండి అని. అలా కట్టుకున్నవాళ్ళకు ఇంకో లాభం కూడా ఉంది. ఆ పాట నచ్చినవాళ్ళు దాని కోసం మళ్ళీ మీ దగ్గరికే రావాలి.

అపోహ: మాస్టరింగ్‌లో (పాటకు చివరి మెరుగులు దిద్దేటప్పుడు) సౌండ్ ఎంత పెంచితే పాట అంత కొడుతుంది

స్పాటిఫై మామూలుగా అన్ని పాటలనూ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (సౌండ్ ఎంత గట్టిగా ఉందో కొలిచే ప్రమాణం) దగ్గరికి తెచ్చి వినిపిస్తుంది. మీరు పెంచినదాన్ని అది తగ్గిస్తుంది, డప్పు దెబ్బలోని బలం మాత్రం అప్పటికే నలిగిపోయి ఉంటుంది.

అపోహ: మంత్లీ లిజనర్స్ అంకె పెరిగితే ఎదిగినట్టే

ఆ అంకె గత 28 రోజుల్లో ఒక్కసారైనా విన్నవాళ్ళది. ఒక పెద్ద ప్లేలిస్ట్‌లో పడితే లేస్తుంది, తీసేస్తే పడిపోతుంది. దాని గురించి టెన్షన్ పడి నిద్ర మానుకున్నవాళ్ళను చూశాను. 2024 నుంచి స్పాటిఫైలో ఒక పాటకు 12 నెలల్లో కనీసం 1,000 స్ట్రీమ్స్ వస్తేనే రాయల్టీ లెక్కలోకి వస్తుంది కాబట్టి అంకెలు అసలు చూడొద్దని నేను అనను. కానీ ముందు చూడాల్సింది ఒక్కో శ్రోత ఎన్నిసార్లు విన్నారు, ఎంతమంది సేవ్ చేసుకున్నారు, ఎంతమంది మీ పేజీకి వచ్చి విన్నారు, ఏ ఊళ్ళ నుంచి విన్నారు అన్నవి.

రెండో ఏడాది పండుగ అయ్యాక ఆ బతుకమ్మ పాట డాష్‌బోర్డ్‌ను ఆమెతో కలిసి చూశాను. మొత్తం శ్రోతలు పెద్ద సంఖ్య కాదు. కానీ చాలామంది రోజుకు మూడు నాలుగు సార్లు విన్నారు. నగరాల జాబితాలో హైదరాబాద్, వరంగల్ తర్వాత భివండీ, సూరత్ ఉన్నాయి. నాకు వెంటనే తట్టలేదు. ఆమె మాత్రం చూడగానే, "మా మేనత్త వాళ్ళు అక్కడే ఉంటరు, మా ఊరోళ్ళు సాంచెలు నడుపుతరు" అంది. మన పద్మశాలీలు మరమగ్గాల పని మీద తరాల కిందటే వెళ్ళి స్థిరపడిన ఊళ్ళవి. అదే సాయంత్రం మేనత్తకు ఫోన్ చేసింది. వచ్చే బతుకమ్మకు కొత్త పాటను డిస్ట్రిబ్యూటర్‌కు నాలుగు వారాల ముందే పంపేసి, సద్దుల నాడు పాడడానికి ఆమె భివండీ వెళ్తోంది.