గుండెదడకి దురద బిళ్ళా? హైడ్రాక్సిజిన్‌పై అపోహలు – వాస్తవాలు

చీటీ పట్టుకెళ్ళిన పావుగంటకి ఆవిడ మళ్ళీ లోపలికి వచ్చింది. స్ట్రిప్పు టేబుల్ మీద పెట్టి, "డాక్టర్ గారూ, మా ఆయనకి దురదల్లేవండీ. షాపతను ఇది దురద బిళ్ళ అంటున్నాడు. పొరపాటున రాశారేమో చూడండి" అంది.

సైకియాట్రీ ఓపీలో ఆందోళనకి, దాంతో వచ్చే గుండెదడకి హైడ్రాక్సిజిన్ రాసినప్పుడల్లా ఎవరో ఒకరు ఇలా వెనక్కొస్తారు. రానివాళ్ళ గురించే నా బెంగ.

అపోహ: ఇది దురద మందు, మనసుకి పనిచేయదు.

రెండింటికీ పనిచేస్తుంది. హిస్టమిన్ అనే రసాయనం మన ఒంట్లోనే ఉంటుంది. అది చర్మంలో దురద పుట్టిస్తుంది, మెదడులో మనల్ని మెలకువగా ఉంచుతుంది. ఈ మందు రెండుచోట్లా దానికి అడ్డుపడుతుంది. 1950లలో బెల్జియం కంపెనీ యూసీబీ దీనికి పెట్టిన పేరు అటరాక్స్. గ్రీకులో 'అటరాక్సియా' అంటే కలత లేని మనసు. దురద సంగతి ఆ పేరులో ఎక్కడా లేదు!

అపోహ: అయితే ఇంట్లో ఉన్న సెట్రిజిన్ వేసుకున్నా ఒకటే.

కాదు. హైడ్రాక్సిజిన్‌ని మన లివర్ మార్చితే వచ్చేదే సెట్రిజిన్, నిజమే. కానీ అది మెదడులోకి పెద్దగా చేరదు. తుమ్ములు తగ్గుతాయి, కంగారు తగ్గదు.

అపోహ: రోజూ వేసుకుంటే ఆందోళన జబ్బు నయమైపోతుంది.

ఇక్కడ మా డాక్టర్లలోనూ కొందరు ఎక్కువ ఆశిస్తారు. అధ్యయనాలన్నిటినీ కలిపి తూచే కొక్రేన్ సమీక్ష 2010లో వచ్చింది. దాని ప్రకారం, మందు లేని ఉత్తుత్తి మాత్ర కంటే ఇది మెరుగే. కానీ దొరికిన అధ్యయనాలు కొద్ది, వాటిలోనూ లోపాలున్నాయి. అందుకే మొదటి మందుగా దీన్ని సిఫారసు చేయలేకపోయారు. నాలుగు నెలలు దాటి వాడితే ఎంత మేలో తేల్చిన పరీక్షలు లేవని ఈ మందుకి అమెరికాలో ఉన్న అధికారిక లేబుల్‌లోనే ఉంది. ఆందోళనకి ఎక్కువకాలం వాడే సెర్ట్రలిన్ లాంటి మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. అందాకా గండం గట్టెక్కడానికి దీన్ని రాస్తాను. అల్ప్రాజొలామ్ అనే కంగారు మాత్రలా అలవాటు చేయదు కాబట్టి, ఆ భయం ఉన్నచోట ఇది అక్కరకొస్తుంది.

అపోహ: రాత్రి వేసుకుంటే తెల్లారేసరికి మగత పోతుంది.

పెద్దవాళ్ళ ఒంట్లో సగం మందు పోవడానికే సుమారు 20 గంటలు పడుతుంది. ఇది చెప్పి, "పగలు కాస్త తూలినట్టుంటుంది, ఇంటిపట్టునే ఉండమనండి" అన్నాను. "ఇంటిపట్టునా? ఆయన లారీ డ్రైవరండీ, ఈ రాత్రికే లోడు" అందావిడ. ఆయన పనేమిటో నేను అడగనే లేదు. చీటీలో ఆ లైను కొట్టేశాను.

అపోహ: దురద బిళ్ళే కదా, ఎవరికైనా పర్వాలేదు.

నాకు కోపం తెప్పించేది ఇదే. నోరెండిపోవడం, మలబద్ధకం చాలామందికి మామూలు. ప్రొస్టేట్ వాపు ఉన్న పెద్దాయనకి మూత్రం బిగుసుకుపోవచ్చు, గ్లాకోమా ఉంటే కంటి ఒత్తిడి పెరగొచ్చు. ముసలివాళ్ళు తికమక పడతారు, రాత్రి బాత్రూంకి లేచి పడిపోతారు. అరుదుగానే అయినా గుండె లయ తప్పే ప్రమాదముంది. అందుకే 2015లో యూరప్‌లో పెద్దలకి రోజుకి 100 మిల్లీగ్రాములు మించొద్దన్నారు. ముసలివాళ్ళకి వద్దు, తప్పకపోతే 50 లోపే అన్నారు. గుండె జబ్బున్నవాళ్ళకి నేను రాయను. ఆందోళనకిచ్చే ఎస్సిటలోప్రామ్, ఇన్ఫెక్షన్లకిచ్చే అజిత్రోమైసిన్, వాంతులకిచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్‌లతో కలిపితే ముప్పు పెరుగుతుంది. గర్భం తొలి నెలల్లో వద్దు. సాయంత్రం ఆ 'మందు' అలవాటున్నవాళ్ళకి ఈ మందుతో మత్తు ఇంకా ముదురుతుంది.

అపోహ: ఇది పడకపోతే ఇక నిద్రమాత్రలే గతి.

ముందు థైరాయిడ్ చూపించుకోండి, రోజుకి ఎన్ని టీలో లెక్కపెట్టండి. దడ వాటివల్లా రావచ్చు. ఎక్కువకాలం పనికొచ్చేవి సెర్ట్రలిన్ తరహా మందులు, సీబీటీ అనే మాటల వైద్యం. స్టేజీ ఎక్కితే చేతులు వణికేవాళ్ళకి ప్రొప్రనొలాల్ చాలు, ఉబ్బసం ఉంటే మాత్రం కూడదు. సైకాలజిస్టు దగ్గరలో లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

ఆ డ్రైవర్‌కి సెర్ట్రలిన్ మొదలుపెట్టి, మొదటి వారం బండి ఎక్కొద్దన్నాను. నెలన్నరకి ఇద్దరూ వచ్చారు. దడ బాగా తగ్గింది. మిగిలిన స్ట్రిప్పు ఏం చేశారని అడిగాను.

"పారేయడం ఎందుకని మా అత్తగారి దురదకి ఇచ్చానండీ" అందావిడ. అత్తగారికి డెబ్బై నాలుగేళ్ళట. రేపే ఆవిడని తీసుకురమ్మన్నాను.